రాతిలో మిగిలిన చమురు

హేమలత బూర్గంపాడుకు వచ్చేసరికి బీడీల తునికాకు ఎప్పుడో లారీలెక్కి వెళ్ళిపోయింది. ఆకు దాచే గోదాము ఖాళీగా ఉంది. కంపెనీ దాన్నే ఆమె కోసం కిరాయికి తీసుకుంది. ఒక మూల ఆమె మంచం, గ్యాసు పొయ్యి. మిగతా అంతా ల్యాబు. గోడలకు ఆకు వాసన పట్టేసి ఉంది. కిటికీ తెరిస్తే గోదావరి మీది గాలి వచ్చేది కానీ ఆ వాసన పోయేది కాదు.

అది 2004లో వానలు తగ్గిన కాలం. హేమలత గుజరాత్‌లో ఒక పాత చమురు క్షేత్రంలో కెమిస్టు. నలభైకి దగ్గర పడింది. పెళ్ళి చేసుకోలేదు. పుట్టింది మధిర దగ్గర తండాలో. తమ్ముడు కోటేష్ అక్కడే పత్తి వేసుకుంటూ ఉన్నాడు. చిన్నప్పుడే హాస్టల్లో చేరి, అట్నుంచి అటే వరంగల్లు, అక్కడినుంచి గుజరాత్ వెళ్ళిపోయిన మనిషి కాబట్టి, ఇన్నేళ్ళకు సొంత జిల్లాకు వచ్చినా ఆమెను గుర్తుపట్టి పలకరించేవాళ్ళెవరూ లేరు.

ఆమె వచ్చిన పని ఇది. భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది రాతిలో, కంటికి కనిపించని సందుల్లో అంటుకుని ఉంటుంది. బావి తవ్విన కొత్తలో దానంతటదే పైకి తన్నుకొస్తుంది. కొన్నేళ్ళకు ఆ ఊపు తగ్గితే పక్క బావిలోంచి నీళ్ళు పంపి నెడతారు. ఇంకొన్నేళ్ళకు పంపిన నీళ్ళే తిరిగి పైకొస్తాయి. అప్పటికి కూడా సగానికి పైగా చమురు రాతిలోనే ఉండిపోతుంది. దాన్ని కదిలించాలంటే నీళ్ళలో మూడు కలపాలి. సోడా, సబ్బులాంటి ఒక రసాయనం, నీటిని చిక్కబరిచే పాలిమరు. మొదటి రెండూ చమురును రాతినుంచి విడదీస్తాయి. మూడోది నీటిని చిక్కగా చేసి, విడిపోయిన చమురును సమంగా ముందుకు నెడుతుంది. ఏ ఒక్కదాన్నో పంపితే వచ్చేది కొంచెమే.

ఆ పాలిమరు విదేశాలనుంచి రావాలి. దాని బదులు భద్రాచలం అడవిలో దొరికే తపసి చెట్టు జిగురు పనికొస్తుందేమో చూద్దామన్నది బెంజమిన్ ఆలోచన.

బెంజమిన్ ఇల్లందు బొగ్గు గని కార్మికుడి కొడుకు. గుజరాత్ ల్యాబులో హేమలతకు సీనియరు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు వాళ్ళిద్దరే. పన్నెండేళ్ళు పక్కపక్క స్టూళ్ళమీద కూర్చుని పనిచేశారు. ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఎదురుచూడడమే. భూమిలోంచి తీసిన గుండ్రటి రాతి ముక్కను ఇనుప గొట్టంలో బిగించి, వేడి పెట్టెలో ఉంచి, పంపుతో మందునీళ్ళు ఎక్కిస్తూ, అవతలి చివర గాజు గొట్టంలో ఏం పడుతుందో చూస్తూ కూర్చోవాలి. పంపు ఎంత నిదానంగా నడుస్తుందంటే ఒక్కో ప్రయోగానికి వారం పడుతుంది. ఆ వారాలన్నీ ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ గడిపేవారు. ఇల్లందులో నల్లగా పారే వాగు గురించి, ఆకాశంలో సింగిడి పొడిచినప్పుడు తండాలో ఆడవాళ్ళు పాడే పాటల గురించి, ఏ సోడా ఎంత కలపాలన్నదాని గురించి. ఆయన ఆమెను "హేమలతా" అనేవాడు. ఆమె ఆయన్ని "సార్" అనేది. అంతకుమించి ఏమీ లేదు. ఆయన భార్య ఆరాధన ఇల్లందులోనే నర్సు. ఉద్యోగం వదులుకోలేక అక్కడే ఉండిపోయింది. ఆయన ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్ళివచ్చేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో, ఒక పొద్దున బెంజమిన్ కొత్త ప్రయోగం మొదలుపెట్టి, టిఫిను తినొస్తానని క్వార్టర్‌కు వెళ్ళి తిరిగి రాలేదు. గుండెపోటు. కబురు తెలిసి అందరూ ఆస్పత్రికి పరుగెత్తుతుంటే ల్యాబు అధికారి హేమలత దగ్గర ఆగి, "పంపు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా బెన్" అన్నాడు. బెన్ అంటే గుజరాతీలో అక్కా అని. మధ్యలో ఆపితే రాయి పాడైపోతుంది. అది ఆమెకూ తెలుసు. కూర్చుంది. శవంతో పాటు ఇల్లందుకు ఆఫీసువాళ్ళు ఇద్దరు వెళ్ళారు. ఆమెను పంపాలని ఎవరికీ తోచలేదు. ఆయన్ని మట్టిలో పెట్టిన రోజున కూడా ఆమె ఆయన మొదలుపెట్టిన రాయి ముందే కూర్చుని, గాజు గొట్టంలో చుక్కలు చూస్తూ ఉంది. తర్వాత ల్యాబులో సంతాప సభ పెట్టారు. ఆమెను ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చడానికి ఆమె ఆయనకు ఏమవుతుందని?

జిగురు ప్రాజెక్టు మంజూరైనప్పుడు, తెలుగు తెలిసిన మనిషి ఎవరైనా వెళ్ళాలన్నారు. ఇక మిగిలింది ఆమె ఒక్కతే.

జిగురు తెచ్చేవాడి పేరు బొజ్జయ్య. దుమ్ముగూడెం అవతలి కోయ గూడెం ఆయనది. వారం వారం చిన్న సంచి పట్టుకుని బస్సులో వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు గోదామంతా తిరిగి చూసి, ఇనుప గొట్టం దగ్గర ఆగాడు.

"దీంట్ల ఏముందమ్మా?"

"రాయి. దాని లోపల చమురుంది. మీరు తెచ్చే జిగురుతోటి అది బయటికొస్తదేమో చూస్తున్న."

"రాయిలకెల్లి నూనె!" అని బొజ్జయ్య నవ్వి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఆయన వచ్చే రోజున ఆమె పొద్దున్నే పాలు తెచ్చిపెట్టుకునేది. మిగతా రోజుల్లో పాల అవసరం ఉండేది కాదు.

ఒక ఆదివారం తండాకు వెళ్ళింది. తమ్ముడి పెళ్ళాం కోడిని కోసింది. పిల్లలు దగ్గరకు రాకుండా గుంజ చాటునుంచి చూశారు. మరదలు లంబాడీల గోర్ భాషలో ఏదో అడిగితే హేమలత తెలుగులో జవాబు చెప్పింది. ఎప్పటినుంచో అంతే, మాటలు అర్థమవుతాయి కానీ నోటికి రావు. కోటేష్ బస్సెక్కిస్తూ, "అక్కా, నువ్వు గక్కడ ఒక్కదానివే భయపడవా?" అని అడిగాడు. "అలవాటే" అంది. బస్సులో కూర్చున్నాక తెలిసింది, వాడు రమ్మని పిలవలేదని, తను ఉంటానని అనలేదని.

పని ముందుకు సాగలేదు. తపసి జిగురు నీళ్ళలో కరగదు, ఉబ్బుతుంది. నానబెట్టి, వడకట్టి, సోడా, సబ్బురసాయనంతో కలిపి రాతిలోకి పంపితే, రెండో రోజుకే పంపు మీద ఒత్తిడి చూపే ముల్లు పైకి లేచిపోయేది. ఉబ్బిన జిగురు రాతి సందులు పూడ్చేసేది. అవతలి వైపు ఒక్క చుక్క కూడా రాదు. ఆ రాయి ఇక పనికిరాదు. గుజరాత్‌నుంచి తెచ్చుకున్న రాళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. ఎంత మెత్తగా నూరినా, ఎంత పలచగా కలిపినా అదే తంతు.

క్రిస్మస్ వెళ్ళిపోయింది. ఆ రోజు ఊళ్ళో చర్చినుంచి మైకులో పాటలు వినిపిస్తుంటే ఆమెకు ఇల్లందు వెళ్దామనిపించింది. వెళ్ళి ఏమని చెప్పుకోవాలో తోచక ఆగిపోయింది. చెడిపోయిన రాయిని గొట్టంలోంచి తీస్తూ, "చూశారా సార్, మళ్ళా పూడిపోయింది" అంది పైకే. పక్కన ఎవరూ లేరన్న సంగతి గుర్తొచ్చి, సిగ్గుపడి, వాకిలి వైపు చూసింది. విన్నవాళ్ళెవరూ లేరు.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం బొజ్జయ్య తెచ్చిన సంచి విప్పింది. దారిలో చెమ్మ తగిలినట్టుంది, పుల్లటి వాసన కొట్టింది. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. తపసి జిగురు కొంచెం పాతబడితే అలాగే ఉంటుంది. కానీ ఆ రోజు చెయ్యి ఆగింది. అది వెనిగరు వాసన. అంటే జిగురుకు అతుక్కుని ఆ పులుపు ఉంది. అది అతుక్కుని ఉన్నంతకాలం జిగురు కరగదేమో. దాన్ని ఊడగొట్టగలిగేది సోడా. సోడా తన దగ్గర ఉండనే ఉంది. కానీ తను ఇన్నాళ్ళూ జిగురును ముందు నీళ్ళలో నానబెట్టి, సోడాను చివర్లో కలుపుతోంది.

వరస మార్చింది. ముందు సోడా నీళ్ళు వెచ్చబెట్టి, అందులో జిగురు పొడి వేసి కలిపింది. సాయంత్రానికి గింజలు గింజలుగా ఉన్నదంతా కరిగిపోయి, గరిటె ఎత్తితే తీగలా సాగింది. ఆమె చాలాసేపు ఆ తీగను చూస్తూ నిలబడింది. తర్వాత సబ్బురసాయనం కలిపి పంపు మీద పెట్టింది.

ముల్లు లేవలేదు. రెండు రోజులు అవతలి వైపు ఉత్త నీళ్ళు పడ్డాయి. మూడో రోజు పొద్దున చూసేసరికి గాజు గొట్టంలో నీళ్ళ మీద గోధుమ రంగు పొర తేలుతోంది. మధ్యాహ్నానికి అది వేలెడు మందం అయింది. నీళ్ళు నెట్టి నెట్టి, ఇక రాదని వదిలేసిన రాతిలోంచి వచ్చిన చమురు అది.

హేమలత గబుక్కున పక్కకు తిరిగింది. నోరు తెరిచింది కూడా. తర్వాత రోడ్డు మీదకు వెళ్ళి, ఫోను బూత్ నుంచి గుజరాత్ ఆఫీసుకు చేసింది. "బాగుంది బెన్. గ్రాఫు పంపించండి" అన్నాడు అధికారి. బూత్ బయట నిలబడి, ఇంకెవరికి చెప్పాలా అని ఆలోచించింది. ఆ ప్రయోగం పూర్తయిన మర్నాడు పొద్దున్నే కొత్తగూడెం బస్సెక్కి, అక్కడ మారి, ఇల్లందులో దిగింది.

ఆరాధన ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. తలుపు తీసిన మనిషి సన్నగా, పొడుగ్గా, డ్యూటీ చీరలోనే ఉంది.

"ఎవరు గావాలె?"

"ఆరాధన గారేనా? నా పేరు హేమలత. గుజరాత్‌ల బెంజమిన్ సార్ తోటి..."

ఆరాధన తలుపు రెక్క పట్టుకుని అలాగే చూసింది.

"మీరొస్తరని నేను మట్టి రోజు ఎదురుచూసిన" అంది. "కంపెనీ వాళ్ళు ఇద్దరొచ్చిండ్రు. దండ పెట్టిండ్రు, పొయ్యిండ్రు. ఆయన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళకు ఎరికే లేదనుకుంట."

"నన్ను పంపలేదండి."

"పంపకుంటే ఏంది? మీరే రావొచ్చు గదా."

"అప్పుడు పంపు నడుస్తుండె. సార్ మొదలుపెట్టింది. ఆపడానికి లేకుండె." చెప్తుంటే ఆ మాట తన చెవికే వెర్రిగా వినిపించింది.

ఆరాధన పక్కకు జరిగింది. "లోపటికి రాండ్రి."

రెండు గదుల ఇల్లు. చాయ్ పెట్టి ఇచ్చి, ఎదురుగా కుర్చీలో కూర్చుంది. బయట బొగ్గు లారీ పోయినప్పుడు గిన్నెలు అదిరాయి.

"ఫోన్ల మీ పేరు మస్తుసార్లు విన్న" అంది ఆరాధన. "హేమలత గిట్లన్నది, హేమలత గట్లన్నది అని. ఒక్కటి అడుగుత. చెడ్డగ అనుకోవద్దు."

"అడగండి."

"మీ ఇద్దరి నడుమ ఏమన్న ఉండెనా?"

ఈ ప్రశ్న ఎప్పుడో ఎదురవుతుందని హేమలతకు తెలుసు. కోపం రాలేదు.

"లేదు" అంది. "నేను ఒట్టు పెట్టి చెప్తా. పక్కపక్కన కూర్చుని పని చేసినం. మాట్లాడుకున్నం. అంతే. కానీ ఆయన పోయినాక నాకు మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు. ఈ మాట ఎవరికన్నా చెప్పినా తప్పుగా అనుకుంటారని ఎవరికీ చెప్పలేదు."

ఆరాధన తల వంచుకుంది. "నాకైతే ఆయన ఉన్నప్పుడు గూడ లేకుండె" అంది. "ఇంటికొస్తే నిద్రపోతుండె. లేకుంటే పేపరు. ఏం పని జేస్తవయ్యా అంటే, చెప్పినా నీకు సమజ్ కాదు అంటుండె. పెండ్లయి పదిహేనేండ్లు. ఆయన ఏం జేస్తుండెనో నాకు తెల్వదు. సచ్చిపొయ్యినంక అందరొచ్చి, పెద్ద సైంటిస్టు అన్నరు. అవ్ అన్న. ఇంకేమంట?"

హేమలత కళ్ళు తుడుచుకుంది. తను ఏడుస్తానని అనుకోలేదు. ఆరాధన లేచి వచ్చి భుజం మీద చెయ్యి వెయ్యలేదు. గ్లాసులో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"సమాధి చూస్తరా?"

ఇద్దరూ నడిచి వెళ్ళారు. సిమెంటు ఇంకా కొత్తగా ఉంది. ఆరాధన పక్కన పెరిగిన గడ్డి పీకింది. హేమలత నిలబడి, లోలోపల ఆయనకు జిగురు సంగతి చెప్పాలని చూసింది. రాలేదు. మట్టితో మాట్లాడడం ఆమెకు చేతకాలేదు. తిరిగి వస్తుంటే ఆ సంగతంతా ఆరాధనకే చెప్పింది. పులుపు వాసన, వరస మార్చడం, ముల్లు లేవకపోవడం. ఆరాధన నడక ఆపి విన్నది.

"నాకు చూపిస్తరా?" అని అడిగింది.

తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక, టిఫిను డబ్బాలో అన్నం, కూర కట్టుకుని ఆరాధన బూర్గంపాడు వచ్చింది. హేమలత ఇంకో రాయి మీద అదే మిశ్రమం ఎక్కిస్తోంది. గాజు గొట్టం ముందు స్టూలు వేసింది. ఆరాధన కొంగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుక్క గొట్టం అంచున ఊరి, వేలాడి, పడడానికి చాలాసేపు పట్టింది.

"గింతేనా?"

"గింతే."

"గిందుకా పన్నెండేండ్లు?"

హేమలతకు నవ్వొచ్చింది. ఆరాధన కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఆయన గూడ గిట్లనే కూసుంటుండెనా?"

"అవ్. కాళ్ళు స్టూలు కింద మెలేసుకుని. నిద్రొస్తే పాట పాడేవారు."

"పాడుతుండెనా!" ఆరాధన ఆమె వైపు తిరిగి చూసింది. "నా ముందు ఒక్కనాడు పాడలే."

ఆ మాట అంటూ మళ్ళీ గోధుమ రంగు చుక్కల వైపు తిరిగింది. ఆమె గొంతులో ఉన్నది ఈర్ష్యో, దుఃఖమో హేమలతకు తెలియలేదు. ఆ సంగతి చెప్పకుండా ఉండాల్సిందేమోనని బాధపడింది. మధ్యాహ్నం ఇద్దరూ నేలమీద కూర్చుని అన్నం తిన్నారు. ఆరాధన మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. బస్సు వేళయిందని గుర్తుచేసేదాకా లేవలేదు. వెళ్తూ, "మళ్ళొస్త" అనలేదు. టిఫిను డబ్బా కడిగి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాక హేమలత బొజ్జయ్య వెంట అడవికి వెళ్ళింది. చమురు వచ్చింది సరే, జిగురు ఎంత దొరుకుతుందో చూడాలి. తపసి చెట్లు గుట్టల మీద తెల్లటి మానులతో దూరంనుంచే కనిపించాయి. దగ్గరికి వెళ్తే చాలా చెట్లకు పెద్ద పెద్ద గాట్లు. కొన్ని గాట్లు మానును చుట్టేసి ఉన్నాయి. ఆ చెట్లు నిలువునా ఎండిపోయాయి.

"గివన్నీ ఎవరు కొట్టిండ్రు?"

"అందరం" అన్నాడు బొజ్జయ్య. "బయటికెల్లి గూడ వస్తరు. చిన్న గాటు బెడితే చెట్టు బతుకుతది, జర్ర జర్ర ఇస్తది. ఎక్కువ గావాలంటే పెద్దది బెడ్తరు. మా నాయిన కాలంల ఈ గుట్ట నిండ ఉండెయి." తర్వాత ఆమె ముఖం చూసి, "మీ కంపెనీకి ఎంత గావాలమ్మా?" అని అడిగాడు.

ఆమె లెక్క వేసే ఉంచుకుంది. ఒక మోస్తరు చమురు క్షేత్రానికి, ఈ అడవంతా ఏడాది పొడుగునా ఇచ్చే జిగురు నెల రోజులకు కూడా చాలదు. కంపెనీ కొంటానంటే గుట్టల మీద చెట్టు మిగలదు. ఆ మాట బొజ్జయ్యకు చెప్పింది.

"గట్లనా" అన్నాడాయన. కొనేవాళ్ళు దొరికారని ఆశపడ్డట్టున్నాడు. ముందు నడిచాడు.

గుజరాత్‌కు రాసిన రిపోర్టులో హేమలత రెండు సంగతులూ రాసింది. మిశ్రమం పనిచేస్తుంది. చేపట్టకూడదు. అధికారి ఫోను చేసి, "మొదటి సంగతి ఒక్కటే రాస్తే మీకు ఇంకో రెండేళ్ళు ప్రాజెక్టు ఉండేది. మీ చేతులతో మీరే మూసుకున్నారు" అన్నాడు. తిట్టలేదు, నొచ్చుకున్నాడు. బెంజమిన్ ఉంటే తనను మెచ్చుకునేవాడో, పోట్లాడేవాడో ఆమె తేల్చుకోలేకపోయింది. ఆయన ఆశపెట్టుకున్న పని అది. ఆ తర్వాత చాలా రోజులు అది ఆమెను తొలిచింది.

తొలకరికి ముందే గోదాము ఖాళీ చేసింది. పంపు, పెట్టె, గొట్టాలు లారీలో వెళ్ళిపోయాయి. తునికాకు కట్టలు మళ్ళీ లోపలికి వచ్చాయి. వెళ్ళేముందు ఆరాధనకు ఫోను చేస్తే డ్యూటీలో ఉందన్నారు.

గుజరాత్‌లో ఆమె పక్క స్టూలు మీద కొత్త కుర్రాడు కూర్చున్నాడు. మంచివాడు. హిందీలో గౌరవంగా మాట్లాడేవాడు, చెవుల్లో పాటలు పెట్టుకునేవాడు. విదేశీ పాలిమరుతోనే, సోడా, సబ్బురసాయనం కలిపి, మరుసటి ఏడు ఆవ చేల మధ్య ఒక పాత బావుల గుంపులో పరీక్ష మొదలుపెట్టారు. నెలల తరబడి మందునీళ్ళు ఎక్కించారు. నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వని ఒక బావి, చలికాలం చివర్లో చమురు ఇవ్వడం మొదలుపెట్టింది. పెద్ద ధారేం కాదు. అయినా ఇంజనీర్లు మిఠాయిలు పంచుకున్నారు, బావి ముందు నిలబడి ఫోటో దిగారు. హేమలత కూడా ఒక చివర నిలబడింది.

అందరూ జీపుల వైపు వెళ్ళాక ఆమె సెల్‌ఫోను తీసి ఇల్లందుకు చేసింది. ఆరాధన ఎత్తగానే వెనక వార్డులో ఎవరో మూలగడం వినిపించింది.

"చమురొచ్చింది" అంది హేమలత. "జిగురు లేదు గానీ, మిగతాది సార్ కలపాలన్నట్టే కలిపినం. బావిలోంచి వచ్చింది."

"మంచిది" అంది ఆరాధన. "ఇక్కడ కేసొచ్చింది. పొద్దుమీకి చెయ్యి."

చెయ్యి అన్నది, చెయ్యండి అనలేదు. సాయంత్రం హేమలత క్వార్టర్ మెట్ల మీద కూర్చుని చేసింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది, ఎత్తలేదు. లేచి లోపలికి వెళ్ళి, తనకొక్కదానికే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టుకుంది.

మర్నాడు మళ్ళీ చేసింది. ఈసారి ఆరాధన ఎత్తింది.